2 జీబీ ర్యామ్ ఫోను నాకు చాలదా? మార్చక తప్పదా?

కళ్లజోడు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ముప్పై ఏళ్లకు పైగా ప్రూఫులు దిద్ది ఇప్పుడు విశ్రాంతిలో ఉన్నాను. నాలుగేళ్ల కిందట కొన్న చవక స్మార్ట్‌ఫోను వాడుతున్నాను. 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజీ. ఫోన్లు మాట్లాడటం, ఆదివారాలు అక్కతో వీడియో కాల్, మూడు పూటలా మందుల అలారం, పొద్దున కాసేపు వార్తలు చదవడం, దానితో నాకున్న పనులు ఇంతే. ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మాత్రల షీటు వెనక ఉండే సన్నటి అక్షరాలు నాకిప్పుడు ఆనవు. ఫొటో తీసి, రెండు వేళ్లతో పెద్దది చేసుకుని చదువుతాను.

రెండు నెలలుగా ఫోను మొరాయిస్తోంది. ఎవరైనా చేస్తే, పేరు తెర మీదికి వచ్చేలోపే మోగడం ఆగిపోతోంది. స్టోరేజీ నిండిందని రోజూ హెచ్చరిస్తోంది. పోయిన వారం ఫొటో తీయబోతే తీయలేదు. మాత్ర పేరు చదివించుకోవడానికి పక్కింటి పాపను పిలవాల్సి వచ్చింది. జీవితమంతా అక్షరాలు చదివిన నాకు అది చాలా బాధ కలిగించింది.

మా అబ్బాయి కొత్తది కొనిస్తానంటున్నాడు. నాకు ఇష్టం లేదు. ఈ ఫోనులో ఏది ఎక్కడుందో నా వేళ్లకు తెలుసు, చూడకుండా నొక్కగలను. పెట్టె మీద ‘2+2 జీబీ’ అని అచ్చువేశారు. మరి ఆ రెండో రెండు ఏమైనట్టు?

రిపేరుబల్ల:

అమ్మా, ముందు ఆ రెండో రెండు సంగతి చెబుతాను. అది ర్యామ్ (పని జరుగుతున్నంతసేపు ఫోను వాడుకునే తాత్కాలిక చోటు) కాదు. ఫొటోలు, యాప్‌లు ఉండే స్టోరేజీలోనే కొంత చోటు కేటాయించి, ర్యామ్ నిండినప్పుడు ఫోను కొంత సరుకును అక్కడ దాస్తుంది. ర్యామ్‌తో పోలిస్తే స్టోరేజీ చాలా నిదానం, చవక ఫోన్లలో మరీ నిదానం. పైగా మీకు అసలే చోటు లేదు. సెట్టింగ్స్‌లో ర్యామ్ పెంచే ఏర్పాటు ఎక్కడుందో చూసి ఆపేయండి, తర్వాత ఫోను రీస్టార్ట్ చేయండి.

అసలు జబ్బు స్టోరేజీలో ఉంది. స్టోరేజీ చిప్పులో కొత్తది రాయాలంటే ముందు పాతది చెరపాలి. ఆ చెరపడం పెద్ద పెద్ద గళ్లుగానే జరుగుతుంది. ఖాళీ లేకపోతే, గడిలో పనికొచ్చేవాటిని ఇంకోచోటికి సర్దితే తప్ప చెరపడం కుదరదు. మార్జిన్ కూడా మిగలకుండా నిండిన పేజీలో ఒక వాక్యం చొప్పించమంటే ఎన్ని పంక్తులు జరపాలో మీకు బాగా తెలుసు. మీ ఫోను రోజంతా ఆ పనే చేస్తోంది. కనీసం 4, 5 జీబీ ఎప్పుడూ ఖాళీగా ఉంచండి.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’, అందులో ‘మేనేజ్ స్టోరేజ్’ తెరవండి. చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి, 5 ఎంబీ కంటే పెద్దవి విడిగా కనిపిస్తాయి. అక్కడి నుంచే తీసేయవచ్చు. ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగకుండా కూడా ఆపండి, లేకపోతే నెలలో మళ్లీ నిండుతుంది.

క్లీనర్, బూస్టర్ అనే యాప్‌లు ఉంటే తీసేయమని చేతులెత్తి అడుగుతున్నాను. అవి మూసిన యాప్‌ను మొదటి నుంచి తెరవడానికే ఫోను ఎక్కువ శ్రమపడుతుంది.

నిదానం:

మీరు సన్న అక్షరాలు చదివే పనికి ఫొటో తీయనక్కర్లేదు. కెమెరా తెరిచి, షీటును కాస్త దూరంగా పట్టుకుని జూమ్ చేయండి. మరీ దగ్గర పెడితే చవక కెమెరాలు మసకగా చూపిస్తాయి. తెరపై మిగతా అక్షరాల కోసం సెట్టింగ్స్‌లో ఫాంట్ సైజు పెంచుకోవచ్చు.

మందుల అలారం ఫోనుతో వచ్చిన గడియారం యాప్‌లోనే పెట్టండి. వేరే రిమైండర్ యాప్‌లను బ్యాటరీ ఆదా చేసే ఏర్పాటు కొన్నిసార్లు నిద్రపుచ్చుతుంది. మా నాన్నగారికి అలాగే రెండు పూటలు మాత్ర తప్పింది. ఆ రోజు నుంచి నేను ఈ మాట కనిపించిన ప్రతివారికీ చెబుతున్నాను.

తాళంచెవి:

పై ఇద్దరితో ఏకీభవిస్తూనే ఒక మాట గట్టిగా చెప్పాలి. ఫోను వేగంగా ఉన్నంత మాత్రాన భద్రంగా ఉన్నట్టు కాదు. సెట్టింగ్స్‌లో ‘ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్‌డేట్’ పక్కన ఉన్న తేదీ చూడండి. భద్రతా లోపాలను సరిదిద్దే ఈ అప్‌డేట్లు చవక ఫోన్లకు త్వరగా ఆగిపోతాయి. ఆ తేదీ ఏళ్ల కిందటిదైతే అందులో బ్యాంకు పనులు పెట్టుకోవద్దు. బ్యాంకు పంపే ఓటీపీ కూడా అదే ఫోనుకు వస్తుందని మరచిపోకండి. తెలియని లింకు, మెసేజీలో వచ్చిన యాప్ ఫైలు ఎంత దగ్గరివారు పంపినా తెరవవద్దు.

కళ్లజోడు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న మధ్యాహ్నమంతా కూర్చున్నాను. వాట్సాప్ ఒక్కటే 11 జీబీ ఉంది. అందులో శుభోదయం బొమ్మలు, నేను ఒక్కసారైనా తెరవని వీడియోలే ఎక్కువ. 8 జీబీ దాకా ఖాళీ అయింది. అక్క గొంతుతో పంపిన సందేశాలు మాత్రం ఒక్కటీ చెరపలేదు, అవి అలాగే ఉంటాయి. బూస్టర్ యాప్ నిజంగానే ఉంది, ఎప్పుడు చేరిందో తెలియదు, తీసేశాను. ఇప్పుడు రెండో మోతకే పేరు కనబడుతోంది.

సెక్యూరిటీ తేదీ చూస్తే 2022 దగ్గరే ఆగిపోయింది. తాళంచెవి గారూ, మీ మాట మా అబ్బాయికి చదివి వినిపించాను. నా బ్యాంకు ఖాతాకు ఇచ్చిన నంబరు వేరే ఫోనులోకి మారుస్తున్నాం. ఈ ఫోను మాటలకు, మందులకు, చదువుకోవడానికి ఉంటుంది.

నిదానం గారు చెప్పినట్టు షీటును జానెడు దూరంలో పట్టుకుని చూశాను. గడువు తేదీ కూడా స్పష్టంగా కనబడింది. ఒక షీటుకు ఇంకో నెలే ఉంది. ముందు దాన్నే వాడాలని పైన పెట్టుకున్నాను.