‘ఖాకీ ఎన్నికలు’ అంటే పోలీసు బందోబస్తు ఎన్నికలా?

ప్రశ్న: నేను సరిచూస్తున్న అనువాదంలో ‘బ్రిటన్‌లో 1900 నాటి ఖాకీ ఎన్నికలు’ అని ఉంది. మన పాఠకులు పోలీసు పహారాలో జరిగాయనుకుంటారేమో. ‘సైనిక ఎన్నికలు’ అని మార్చవచ్చా?

జవాబు: మార్చకండి. అప్పుడు సైన్యం పెట్టిన ఎన్నికలనుకుంటారు, అది ఇంకా తప్పు. పారసీకంలో ఖాక్ అంటే మట్టి, దుమ్ము. 1840ల్లో పెషావర్ వైపు బ్రిటిష్‌వాళ్ల గైడ్స్ దళం వేసుకున్న మట్టిరంగు బట్టల నుంచి ఈ పేరు సైన్యమంతా పాకింది. 1899 అక్టోబరులో బోయర్లతో, అంటే దక్షిణాఫ్రికాలో స్థిరపడ్డ డచ్చి సంతతివాళ్లతో, యుద్ధం మొదలయ్యాక, దక్షిణాఫ్రికాలో పోరాడే సైనికుడికి ఖాకీయే గుర్తు అయింది. అలా అది బ్రిటన్ ఎన్నికలకూ అంటుకుంది.

1900 జూన్‌లో బోయర్ల రాజ్యమైన ట్రాన్స్‌వాల్ రాజధాని ప్రిటోరియా బ్రిటిష్‌వాళ్ల చేతికి చిక్కింది. యుద్ధం గెలిచినట్టేనని దేశమంతా అనుకుంది. పార్లమెంటుకు ఇంకా గడువున్నా, ఆ వేడి చల్లారకముందే కన్సర్వేటివ్ ప్రధాని సాల్స్‌బరీ ప్రభుత్వం సెప్టెంబరు చివర్లో ఎన్నికలకు దిగింది. ప్రభుత్వం పోగొట్టుకునే ప్రతి సీటూ బోయర్లకు దక్కినట్టేనని ప్రచారం చేశారు. ప్రతిపక్షమైన లిబరళ్లు అప్పటికే చీలిపోయి ఉన్నారు: ఆస్క్విత్, గ్రే యుద్ధాన్ని సమర్థిస్తే, లాయిడ్ జార్జ్ గట్టిగా వ్యతిరేకించాడు. 670 సీట్లలో 400కు పైగా ప్రభుత్వ పక్షానికే వచ్చాయి.

కానీ యుద్ధం అయిపోలేదు. బోయర్లు గెరిల్లా దాడులకు దిగారు. బ్రిటిష్ సేనాని కిచెనర్ సైన్యం వేల పొలాలను, ఇళ్లను తగలబెట్టి ఆడవాళ్లను, పిల్లలను శిబిరాల్లో పెట్టింది. అక్కడ సుమారు 28,000 మంది బోయర్లు చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది పిల్లలు. నల్లవాళ్లకు పెట్టిన వేరే శిబిరాల్లో కనీసం 14,000 మంది పోయారు. ఈ రెండో లెక్కను చాలా పుస్తకాలు వదిలేస్తాయి, అది నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఎమిలీ హాబ్‌హౌస్ అనే బ్రిటిష్ సంఘసేవకురాలు ఆ శిబిరాలు స్వయంగా చూసి వచ్చి లండన్‌లో అందరికీ చెప్పింది. 1901 జూన్‌లో లిబరళ్ల నాయకుడు కాంప్‌బెల్ బ్యానర్‌మన్ ఇవి అనాగరిక పద్ధతులని లండన్‌లో ఒక విందు ప్రసంగంలో అనేశాడు. సొంత పార్టీవాళ్లే ఆయన మీద మండిపడ్డారు.

ప్రశ్న: అయితే 1906లో కన్సర్వేటివ్‌లు ఓడింది ఈ యుద్ధం వల్లేనాండీ?

జవాబు: అదొక్కటే కాదండి. దిగుమతి సుంకాలు పెట్టాలని పట్టుబట్టి ప్రభుత్వ పక్ష నాయకుడు చాంబర్లేన్ సొంత కూటమినే చీల్చాడు, 1902 విద్యా చట్టం ఇంగ్లండ్ అధికారిక చర్చికి చెందని క్రైస్తవులకు కోపం తెప్పించింది. యుద్ధం తర్వాత ట్రాన్స్‌వాల్ బంగారు గనులకు చైనా నుంచి ఒప్పంద కూలీలను దింపడం మరో పెద్ద గొడవ. దీనికోసమా మనవాళ్లు చచ్చిందని బ్రిటిష్ కార్మికులు అడిగారు. కాంప్‌బెల్ బ్యానర్‌మన్ ప్రధాని హోదాలో భారీ మెజారిటీతో గెలిచి, ట్రాన్స్‌వాల్‌కు స్వయంపాలన ఇచ్చాడు. నిన్నటి బోయర్ సేనాని బోథా అక్కడ ప్రధాని అయ్యాడు. నల్లవాళ్ల ఓటు సంగతి స్వయంపాలన వచ్చాక చూద్దామని యుద్ధాన్ని ముగించిన 1902 సంధిలోనే రాసుకున్నారు. తీరా వచ్చాక ఆ తెల్ల ప్రభుత్వాలు ఇవ్వనే లేదు. నన్నడిగితే, ఈ యుద్ధం గురించి మాట్లాడేటప్పుడు ఎన్నికల ఫలితాల కన్నా ముందు చెప్పాల్సింది ఇదే.

మీ అనువాదంలో ‘ఖాకీ ఎన్నికలు’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ‘బోయర్ యుద్ధపు ఊపులో పెట్టిన’ అని ముందు చేర్చండి. పోలీసు అనుమానం పోతుంది.