ఉత్తరంలో వదిలేసిన ఖాళీ: నిరాశా, నిస్పృహా, మరొకటా?

ప్రశ్న:

నాకొక పాత మిత్రుడున్నాడు. ఫోను చేతిలో ఉన్నా, కాగితం మీద రాస్తే తప్ప ఆలోచన కుదురుకోదని అతని పట్టు. అందుకని ఇప్పటికీ ఉత్తరాలే. ఇంటి సంగతులు రెండు ముక్కలు, మిగతాదంతా ప్రపంచ రాజకీయం. 1989 నవంబరులో బెర్లిన్ గోడ కూలినప్పుడు రాసిన ఉత్తరం నా దగ్గర ఇంకా ఉంది. "ఇక గోడల కాలం చెల్లిపోయింది" అని అందులో మూడు చోట్ల రాశాడు. మూడోసారి కింద గీత కూడా గీశాడు.

పోయిన నెల వచ్చిన ఉత్తరంలో ఒక వాక్యం ఇలా ఉంది: "ఈ దేశాధినేతల కరచాలనాలు చూసీ చూసీ నాకు ఒక రకమైన నిరాశ..." ఆ నిరాశను కొట్టేశాడు. పైన నిస్పృహ అని రాసి దాన్నీ కొట్టేశాడు. ఆ తర్వాత అంగుళం మేర ఖాళీ వదిలి "కలిగింది" అని వాక్యం ముగించాడు. అంచున చిన్న అక్షరాలతో "మాట నువ్వు వెతికిపెట్టు" అని ఉంది.

అతని మనసులో ఉన్నది నాకు తెలుసు. ఒకప్పుడు నమ్మాడు, నమ్మింది ఉత్తదని తేలింది. ఏడుపు రావడం లేదు, పెద్ద కోపమూ లేదు. నమ్మిన తనను తలుచుకుంటే కాస్త నవ్వొస్తోంది. దీనికి తెలుగులో మాట ఏది?

ఇంకొకటి. అతని ప్రతి ఉత్తరమూ "మిత్రమా" అని మొదలవుతుంది. అది అందిన రోజే పత్రికలో ఒక ఆయుధాల బేరం వార్త చదివాను, అందులో "మిత్రదేశం" అని నాలుగుసార్లు ఉంది. రెండూ ఒకటే మాట అంటే మనసు ఒప్పుకోవడం లేదు.

జవాబు:

ఆశాభంగం అంటే సరిపోదా? ఎందుకింత వెతుకులాట?

ప్రశ్న వేసినవారు:

సరిపోదనిపించిందండీ. వస్తుందనుకున్న ఉద్యోగం రాకపోతే ఆశాభంగం. దానికొక తేదీ ఉంటుంది, ఫలానా రోజు ఉదయం అని చెప్పుకోవచ్చు. మా వాడిది ఏ రోజు జరిగిందో అతనికే తెలియదు.

జవాబు:

ఆయన నిస్పృహను కొట్టేసి మంచి పని చేశారు. నిరాశానిస్పృహలు అని జంటగా వాడీ వాడీ ఆ రెంటికీ తేడా లేకుండా చేశాం. సంస్కృతంలో స్పృహ అంటే కోరిక. తెలుగులో ఆ అర్థం జారిపోయి తెలివి, ఎరుక మిగిలాయి: స్పృహ తప్పడం, సామాజిక స్పృహ. నిస్పృహ మాత్రం పాత స్పృహ నుంచే వచ్చింది, కోరిక లేకపోవడమని దాని అర్థం. భగవద్గీత రెండో అధ్యాయం 71వ శ్లోకంలో కోరికలన్నీ విడిచి నిఃస్పృహుడై తిరిగేవాడు శాంతి పొందుతాడని ఉంది. అక్కడ అది సాధించవలసిన స్థితి. మనం అదే మాటను కుంగిపోయి మూల కూర్చున్నవాడికి తగిలించాం. కోరిక లేకపోతే మనిషికి ఏమీ మిగలదని మనకంత గట్టి నమ్మకం కాబోలు.

జవాబు:

ఆశ సంగతి కూడా తమాషాగానే ఉంటుంది. అమరకోశంలో దిక్కుకు పర్యాయపదాలు చెప్పే చోట "దిశస్తు కకుభః కాష్ఠా ఆశాశ్చ హరితశ్చ తాః" అని ఉంది. ఆశ అంటే దిక్కు అని కూడా అర్థమే. ఈ రెండు ఆశలకూ వ్యుత్పత్తి వేరని పండితులు చెబుతారు, కాదనను. కానీ తెలుగులో దిక్కు చూడండి. తూర్పు ఒక దిక్కు, "నాకు నువ్వే దిక్కు" అన్నప్పుడు అండ. దిక్కులేనివాడికి లేనిది తూర్పూ పడమరా కాదు కదా. ఆశ దిక్కు వైపు వెళ్లింది, దిక్కు ఆశ వైపు వచ్చింది. ఇది వ్యుత్పత్తి కాదు, కాకతాళీయమే. అయినా వార్తలు చూసి దిక్కుతోచక కూర్చున్నవాడికి అలా అనిపించదు.

జవాబు:

రెండో ప్రశ్నకు వస్తాను, నాకు అదే పెద్దదిగా కనిపిస్తోంది. రాజకీయం వాళ్లు స్నేహితుల మాటను ఎత్తుకుపోయారని మీ ఫిర్యాదు. నేను చదివినంతలో జరిగింది అందుకు తలకిందులు.

స్నేహితుడనే అర్థంలో మిత్రం సంస్కృతంలో నపుంసకలింగం. మీ మిత్రుడు రాసే "మిత్రమా" ఆ మిత్రం నుంచి వచ్చిన సంబోధనే. మిత్రుడు అని మగవాణ్ణి చేసింది మనం. సంస్కృతంలో పుంలింగమైన మిత్రుడు ఒక దేవుడు, తర్వాత సూర్యుడు. ఋగ్వేదం మూడో మండలం 59వ సూక్తం అతనిదే. మిత్రుడు పలికి జనాన్ని తమ తమ చోట్ల నిలుపుతాడని మొదలవుతుంది. ప్రాచీన ఇరాన్‌కు చెందిన అవెస్తా భాషలో దీనికి తోబుట్టువైన మిథ్రకు అర్థం ఒప్పందం. ఈ దేవుడు మొదట ఒప్పందమే, మనుషులు ఇచ్చిపుచ్చుకున్న మాటే దేవుడైందని ఆంత్వాన్ మెయ్యే అనే ఫ్రెంచి భాషావేత్త 1907లో వాదించాడు.

ఇక రాతలో మిత్ర పేరు దొరికిన అతి పాత చోటు ఏదో చూడండి. అది సూక్తమూ కాదు, స్నేహితుడికి రాసిన ఉత్తరమూ కాదు. క్రీస్తుపూర్వం 14వ శతాబ్దంలో హిట్టైట్ రాజు సుప్పిలులియుమకూ, మితన్ని రాజ్యపు షత్తివాజకూ కుదిరిన సంధి పత్రం. నేటి టర్కీలోని బొగాజ్‌కోయ్ తవ్వకాల్లో మట్టి పలకల మీద దొరికింది. సాక్షులుగా పిలిచిన దేవతల వరసలో మిత్ర, వరుణ, ఇంద్ర, నాసత్యుల (అంటే అశ్వినీ దేవతల) పేర్లున్నాయి. సుప్పిలులియుమ అంతకుముందు మితన్ని మీద దండెత్తినవాడే. షత్తివాజ తండ్రి హత్యకు గురయ్యాడు, ఇతను ప్రాణాలు దక్కించుకోవడానికి పారిపోయి ఆ పాత శత్రువు శరణే కోరాడు. ఆయన తన కూతురినిచ్చి, సింహాసనం మీద కూర్చోబెట్టి, ఈ పత్రం రాయించాడు. కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలంటారు. ఇక్కడ కయ్యమూ వియ్యమూ రెండూ నడిచాయి, సమ ఉజ్జీ మాత్రం లేదు.

కౌటిల్యుడు ఇలాంటివాణ్ణి కృత్రిమ మిత్రుడన్నాడు: ధనం కోసమో ప్రాణం కోసమో ఆశ్రయించినవాడు. కృత్రిమమంటే అక్కడ దొంగ అని కాదు, చేయబడినది అని. పొరుగు రాజు శత్రువు, ఆ పొరుగుకు అవతలి రాజు ప్రకృతి మిత్రుడు. వరసలో ఇంకా ముందుకు పోతే అరిమిత్రమిత్రుడు కూడా ఉన్నాడు, శత్రువు స్నేహితుడి స్నేహితుడు! నచ్చడం, నచ్చకపోవడం అనే మాటే లేదు. పటం చూసి చెప్పవచ్చు.

కాబట్టి మిత్రదేశం అని రాసిన విలేకరిని క్షమించండి. మీ మిత్రుడు "మిత్రమా" అన్నప్పుడే ఒక సంధి పత్రపు మాటను ఇంట్లోకి తెచ్చుకున్నాడు.

ప్రశ్న వేసినవారు:

ఇది చదివి కాసేపు ఊరుకున్నాను. ఓడిపోయినట్టే ఉంది, కానీ మీరు చెప్పిన దాంట్లోనే నాకొక పట్టు దొరికింది. మిత్రం ఒప్పందమే అనుకుందాం. ఒప్పందానికి సాక్షిగా దేవుణ్ణి నిలబెట్టారంటే, మాట తప్పితే శిక్ష పడుతుందన్న భయం ఉందన్నమాట. ఆ భయమూ పోయాక ఏమవుతుందో మనం చూశాం. 1939 సెప్టెంబరు 28న జర్మనీ, సోవియట్ యూనియన్ ఒక ఒడంబడిక మీద సంతకాలు చేశాయి. దాని పేరులోనే సరిహద్దు ఉంది, స్నేహమూ ఉంది. ఇద్దరూ కలిసి పోలండును పంచుకోవడం అందులోని సంగతి. ఇరవై ఒక్క నెలలు నిండకుండానే, 1941 జూన్ 22న జర్మనీ సోవియట్ మీద దండెత్తింది. అప్పుడు సోవియట్ వెళ్లి మన చరిత్ర పుస్తకాలు మిత్రరాజ్యాలని పిలిచే వైపు చేరింది. యుద్ధం ముగిసి కొన్నేళ్లు కాకముందే ఆ మిత్రరాజ్యాలు తమలో తాము ఎదురెదురు శిబిరాలయ్యాయి. పుస్తకం మాత్రం ఈనాటికీ మిత్రరాజ్యాలనే అంటోంది.

స్నేహం అనే మాటనైనా వాళ్లు వదిలిపెట్టి ఉండాల్సింది.

జవాబు:

స్నేహాన్ని వాళ్లు తీసుకున్నా అది వాళ్లకు అంటదు లెండి. స్నేహం అంటే సంస్కృతంలో చమురు కూడా. ఆయుర్వేదంలో స్నేహనం అంటే ఒంటికి తైలం పట్టించడమే. స్నిగ్ధం అంటే జిడ్డున్నది, నున్ననిది. మన నెయ్యం దాని వికృతి. ఒడంబడికలో షరతులుంటాయి, నూనెలో ఏముంటాయి? చేతికి అంటితే ఓ పట్టాన వదలదు, అంతే.

జవాబు:

దేశాలకు కావలసిన చమురు వేరే ఉంది కదండీ.

జవాబు:

చతురులు బాగున్నాయి కానీ ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. నా ఓటు అడియాసకు.

ఆశకు ఆస వికృతి, పేరాసలో ఉన్నది అదే. అడియాస అంటే వ్యర్థమైన ఆశ. పత్రికలు దాన్ని ఒకే ఒక్క వాక్యంలో బతికిస్తున్నాయి: "ఆశలు అడియాసలయ్యాయి." ఎప్పుడూ బహువచనమే, ఎప్పుడూ ఎన్నికల ఫలితాలో, పంటో, పరీక్షలో. అలవాటైన వాక్యం కనుక చదివి దాటిపోతాం. కాస్త ఆగి చూస్తే దాని లెక్క వేరు. నిరాశలో ఆశ లేదు. ఆశాభంగంలో ఆశ విరిగింది. అడియాసలో పోయిందీ లేదు, విరిగిందీ లేదు, మొదటి నుంచీ అది అంతేనని ఇప్పుడు తెలిసింది. తప్పు లోకానిది ఎంతో, ఆశపడినవాడిది అంత. ఆయనకు తన మీద తనకే నవ్వొస్తోందన్నారు, ఆ నవ్వు ఈ మాటలో ఉంది.

భ్రమ తొలగింది అనవచ్చని ఎవరైనా అంటారేమో. తాడును చూసి పాము అనుకుంటే భ్రమ. 1989లో గోడ నిజంగానే కూలింది, ఆయన తాడును తాడుగానే చూశారు. తర్వాత దాంతో ఏమేమి కట్టేయవచ్చో ఊహించారు, అదీ ఆస.

ఐక్యరాజ్య సమితి అధికార పత్రం 1945లో "మేము, ఐక్యరాజ్యాల ప్రజలం" అని మొదలైంది. 27వ అధికరణానికి వచ్చేసరికి భద్రతా మండలిలో ముఖ్యమైన ఏ నిర్ణయానికైనా శాశ్వత సభ్యులు ఐదుగురూ ఒప్పుకోవాలని తేలింది. ప్రజలు మొదటి వాక్యంలోనే దిగిపోయారు. ఇందులో భ్రమ ఏముంది, అంతా అచ్చులోనే ఉంది. మనమే మొదటి వాక్యం చదివి పుస్తకం మూశాం. ఐరాస, అడియాస: ప్రాస నేను కల్పించింది కాదు, కుదిరింది.

ప్రశ్న వేసినవారు:

అందరికీ నమస్కారం. చర్చ మొత్తం కాగితం మీద ఎత్తి రాసి మా వాడికి పంపాను. జవాబు నిన్న వచ్చింది.

అడియాస నచ్చిందట. కానీ బహువచనం తనకు వద్దన్నాడు, "నాది ఒక్కటే" అని రాశాడు. మితన్ని సంధి గురించి చదివి, షత్తివాజ తన మామగారిని లోలోపల ఏమని పిలుచుకునేవాడో అని అడిగాడు. ఈసారి పైన "మిత్రమా" బదులు "నేస్తం" అని మొదలుపెట్టి, కొట్టేసి, మళ్లీ "మిత్రమా" అనే రాశాడు. కారణం చెప్పలేదు.

తర్వాత నాలుగు పేజీలు కొత్తగా మొదలైన శాంతి చర్చల గురించే. ఈసారి కుదిరే సూచనలున్నాయట. నేను ఒప్పుకోనని తనకు తెలుసట, అందుకే తొమ్మిది కారణాలకు అంకెలు వేసి మరీ రాశాడు. ఐదోది తప్పు. ఇప్పుడు దానికే జవాబు రాస్తున్నాను.