జానీ క్యాష్ ఫోల్సమ్ జైలు కచేరీ: 1968 ఎల్‌పీయా, 2008 పూర్తి సెట్టా?

టేపురీలు:
కొత్తగా వినేవాళ్లకి అమెరికన్ కంట్రీ గాయకుడు జానీ క్యాష్ జైల్లో పాడి రికార్డు చేసిన "ఎట్ ఫోల్సమ్ ప్రిజన్" ఆల్బమ్ ఏ రూపంలో ఇవ్వాలన్న గొడవ పక్క థ్రెడ్‌లో దారి తప్పింది. ఇక్కడ తేల్చుకుందాం. నా ఓటు 2008 లెగసీ ఎడిషన్‌కి.

కారణం సూటిగా చెప్తాను. 1968 జనవరి 13న కాలిఫోర్నియాలోని ఫోల్సమ్ జైలు భోజనశాలలో జరిగినవి రెండు కచేరీలు. ఉదయం 9:40కి ఒకటి, మధ్యాహ్నం 12:40కి ఇంకోటి. మే నెలలో వచ్చిన ఎల్‌పీలో (పెద్ద నల్ల రికార్డు) 16 పాటలుంటే అందులో 14 ఉదయానివే. "గివ్ మై లవ్ టు రోజ్", "ఐ గాట్ స్ట్రైప్స్" రెండూ మధ్యాహ్నం కచేరీ నుంచి తెచ్చి మధ్యలో అతికించారు. ఉదయం రెండో పాటగా పాడిన "బస్టెడ్" ఎగిరిపోయింది. "జో బీన్", జాన్ హెన్రీ సమ్మెట పాట కూడా పోయాయి. ఆ మూడూ 1999 సీడీలో తిరిగొచ్చాయి. రెండు కచేరీలూ మొత్తంగా దొరికింది మాత్రం 2008లోనే. జరిగినది జరిగినట్టు వినగలిగే అవకాశం ఉన్నప్పుడు కత్తిరింపులు ఎందుకు వినాలి?

నల్లచొక్కా:
ఎల్‌పీయే. దానికి తిరుగు లేదు.

టేపురీలు గారు పాటలు లెక్కపెట్టారు కానీ వరస చూడలేదు. "బస్టెడ్" తీసేయడంతో ఏమైందో చూడండి. మొదటి పాట అయిన వెంటనే బొగ్గు గని పాట "డార్క్ యాజ్ ఎ డంజన్"లోకి దిగుతాం. అందులో ఎవరో నవ్విస్తే క్యాష్ తానూ నవ్వు ఆపుకోలేక, పాట నడుస్తుంటే నవ్వొద్దని మందలిస్తాడు. ఆ తర్వాత "ఐ స్టిల్ మిస్ సమ్‌వన్", దాని మీద "కొకైన్ బ్లూస్", వెంటనే ఉరికంబం ఎక్కబోయేవాడు నిమిషాలు లెక్కపెట్టుకునే "25 మినిట్స్ టు గో". ఒకటి మెత్తగా, ఒకటి గట్టిగా, ఇంకోటి ఉరుకుతూ. మొదటి వైపు పూర్తయ్యేసరికి వినేవాడు కుర్చీ అంచుకి వచ్చేస్తాడు. ఇది నిర్మాత బాబ్ జాన్‌స్టన్ పని. కచేరీ రికార్డు చేయడం ఒక పని, దాన్ని రికార్డుగా కట్టడం ఇంకో పని.

కొత్తవాడి చేతిలో రెండు సీడీలు, ఒక డీవీడీ పెడితే కార్ల్ పెర్కిన్స్ "బ్లూ స్వేడ్ షూస్" దగ్గరే ఫోన్ తీస్తాడు, క్యాష్ ఇంకా స్టేజీ ఎక్కకుండానే.

బెజవాడ_బాస్:
మధ్యాహ్నం కచేరీలో అందరూ అలిసిపోయారు. రెండో సీడీ అభిమానులకే. అంతే.

టేపురీలు:
కట్టడం అన్నారు కదా, సరే. మొదటి పాట "ఫోల్సమ్ ప్రిజన్ బ్లూస్" తీసుకోండి. రెనోలో ఒకణ్ణి ఊరికే, చావు చూడ్డానికి కాల్చానని చెప్పే పంక్తి రాగానే ఎల్‌పీలో పెద్ద కేక వినిపిస్తుంది. ఆ కేక ఆ రోజు ఆ హాల్లో ఆ క్షణాన వేసింది కాదు. తర్వాత స్టూడియోలో కలిపారు. ఈ ఆల్బమ్ మీద పుస్తకం రాసిన మైకేల్ స్ట్రైస్‌గత్ ఈ సంగతి చెప్పాడు. ప్రపంచమంతా ఈ రికార్డుని గుర్తుపెట్టుకున్నదే ఆ కేకతో. అది కట్టుకథ అయితే ఇక మిగిలినదాన్ని ఎట్లా నమ్మాలి?

నల్లచొక్కా:
ఒక్క కేక పట్టుకుని ఆల్బమ్ మొత్తాన్ని కోర్టుకి ఈడుస్తున్నారు. లైవ్ రికార్డుల్లో చప్పట్లు పెంచడం, అతుకుల మీద హాలు శబ్దం కప్పడం మామూలు. రెండు పాటల మధ్య టేపు కోస్తే హాలు సద్దు ఠక్కున తెగుతుంది. అది వినపడకుండా పైన జనం శబ్దం పరుస్తారు. అది లేకపోతే మీరు చెప్పిన మధ్యాహ్నం పాటలు రెండూ మధ్యలో కూర్చునేవే కావు.

ఇంకో సంగతి. "నేను జానీ క్యాష్‌ని" అనగానే పేలే మొదటి కేక ఉంది కదా, వ్యాఖ్యాత హ్యూ చెర్రీ ఖైదీలకు ముందే చెప్పి ఉంచాడు: ఆయన రాగానే అరవొద్దు, పేరు చెప్పాకే అరవండి అని. అదీ చెప్పి వేయించిందే. దాన్నీ తీసేద్దామా?

టేపురీలు:
చెప్పి వేయించినా ఆ గొంతులు అక్కడివే, ఆ క్షణానివే. రెండూ ఒకటి కావు.

ఇలాంటి అతుకు పట్టుకోవాలంటే ఎవరైనా హెడ్‌ఫోన్‌తో వినొచ్చు. స్టేజీ ముందు జనం నిజంగా అరిస్తే ఆ శబ్దం పాట మైకులో, గిటార్ మైకులో, డ్రమ్స్ మైకులో అన్నిట్లో పడుతుంది. ఆ ఒక్క క్షణం వాయిద్యాలు కూడా కొంచెం మసకబారతాయి. తర్వాత కలిపిన కేక అయితే గిటార్ అంతే శుభ్రంగా ఉంటుంది, కేక దాని మీద విడిగా కూర్చుంటుంది. రెండోది, నిజమైన కేక ఒక మూల మొదలై హాలంతా పాకుతుంది, మెల్లగా సద్దుమణుగుతుంది. కలిపింది ఒకేసారి లేచి ఒకేసారి పడుతుంది. స్పీకర్లలో ఇది తెలియదు, గది ప్రతిధ్వని మింగేస్తుంది.

రికార్డు_సూది:
ఎల్‌పీ కొనేవాళ్లకి ఒక మాట. రికార్డు కంపెనీ కొలంబియా, నంబర్ సీఎస్ 9639. మొదటి ముద్రణ అయితే ఎర్ర లేబుల్ కింది అంచున "360 సౌండ్" అని ఉండాలి. లేబుల్ చుట్టూ కొలంబియా పేరు బంగారు రంగులో గుండ్రంగా తిరుగుతుంటే అది 1970 తర్వాతి ముద్రణ. నాకు ఒక అమ్మకందారు అదే "ఒరిజినల్" అని అంటగట్టాడు. లేబుల్ ఫొటో లేకుండా డబ్బు పంపొద్దు.

బెజవాడ_బాస్:
సూది గారూ, ఏ థ్రెడ్‌కి వెళ్లినా ఇదే బాధా మీది 😄

నల్లచొక్కా:
టేపురీలు గారికి పాట వినడం కంటే తప్పు పట్టడం ఇష్టమని అర్థమైంది. ఆ హెడ్‌ఫోన్ ఒకసారి క్యాష్ బృందంలోని లూథర్ పెర్కిన్స్ గిటార్ మీద పెట్టండి. కుడి అరచేతి అంచు బ్రిడ్జి దగ్గర తీగల మీద ఆనించి, లావు తీగల మీద ఒక్కొక్క స్వరం పొడిగా తెంపుతాడు. గోడలన్నీ గట్టివి, మెత్తటిది ఏదీ లేని భోజనశాల అది. తీగని పూర్తిగా మోగనిచ్చి ఉంటే పాట మాటలు ప్రతిధ్వనిలో మునిగేవి. మార్షల్ గ్రాంట్ బాస్, డబ్ల్యూ.ఎస్. హాలండ్ డ్రమ్స్ ఆ గిటార్ కిందే నడుస్తాయి. ఆ ఏడాది ఆగస్టులోనే లూథర్ పోయాడు. "ఆరెంజ్ బ్లాసమ్ స్పెషల్"లో క్యాష్ రెండు హార్మోనికాలు మార్చి మార్చి వాయిస్తూ పాడతాడు. ఇంత ఉండగా మీకు కనిపించింది ఒక కేక.

టేపురీలు:
తప్పు పట్టడం నా సరదా అనుకుంటున్నారు కాబట్టి సూటిగానే చెప్తా. ఆ కేక ఎవరి నోట్లో పెట్టారో ఆలోచించారా మీరు?

అక్కడ కూర్చున్నవాళ్లు జైలు గురించి క్యాష్ వేసిన ఎత్తిపొడుపులకి కూడా ఆచితూచి స్పందించారు. చుట్టూ గార్డులున్నారు, తర్వాత ఏం జరుగుతుందో వాళ్లకి తెలుసు. అలాంటివాళ్లు చంపడం అనే మాటకి ఎగిరి గంతేసినట్టు రికార్డు చేసి అమ్మారు. 50 ఏళ్లకు పైగా లోకం విన్నదేంటి? ఖైదీలంటే హత్య పేరు వింటే పొంగిపోయే మనుషులని. ఇది అతుకు మీద హాలు శబ్దం కప్పడం కాదండీ.

అదే కొలంబియా కంపెనీ జూన్‌లో ఏం చేసింది? సెనేటర్ రాబర్ట్ కెనెడీ మీద కాల్పులు జరగగానే రేడియో సింగిల్‌లోంచి ఆ రెనో పంక్తినే కోసేసింది, క్యాష్ వద్దన్నా వినకుండా. మేలో అమ్ముడుపోతుందని కేక, జూన్‌లో అమ్ముడుపోదని కత్తెర.

సిరిసిల్ల_స్ట్రింగ్స్:
మరి గ్లెన్ షెర్లీ సంగతి? "గ్రేస్టోన్ చాపెల్" రాసింది అదే జైల్లో ఖైదీ. పాస్టర్ ఫ్లాయిడ్ గ్రెసెట్ ఆ టేపు క్యాష్‌కి అందించాడు. ముందు రోజు రాత్రి నేర్చుకుని మర్నాడు పాడాడు. షెర్లీ ముందు వరసలోనే ఉన్నాడు.

నల్లచొక్కా:
నా వాదన కూడా అదే. ఎల్‌పీలో చివరి పాట ఏది? "గ్రేస్టోన్ చాపెల్". అమ్మకాలే ముఖ్యమైతే చివర గాయని జూన్ కార్టర్‌తో పాడిన "జాక్సన్" పెట్టేవాళ్లు. ఖైదీల్ని రాక్షసుల్లా చూపించాలనుకున్న రికార్డు ఒక ఖైదీ రాసిన పాటతో ముగుస్తుందా?

టేపురీలు:
ఆ పాటని చివర్లో పెట్టింది క్యాష్. ఉదయం కచేరీ ముగిసిందే దానితో. ఆ పుణ్యం కంపెనీ ఖాతాలో వేయొద్దు.

నల్లచొక్కా:
అయితే అసలు గొడవ ఇప్పుడు బయటపడింది. మీకు ఇది ఆ రోజు జైల్లో ఏం జరిగిందో చెప్పే సాక్ష్యం. నాకు ఇది జానీ క్యాష్ ఆల్బమ్. సాక్ష్యం కావాలంటే 2008 సెట్ తీసుకోండి, కాదనను. కానీ ఈ ఎల్‌పీ అమ్ముడుపోకపోతే మరుసటి ఏడాది సాన్ క్వెంటిన్ జైలు కచేరీ ఉండేది కాదు. 2008లో పాత టేపులు తవ్వే ఓపిక కూడా ఎవరికీ ఉండేది కాదు. మీ సాక్ష్యం నా ఆల్బమ్ పెట్టిన భిక్ష.

టేపురీలు:
అక్కడున్న మనుషుల వల్లే అది ఆల్బమ్ అయింది. అవే పాటల్లో చాలా అంతకుముందే స్టూడియోలో పాడాడు కదా. వాటి గురించి ఇంత పొడుగు థ్రెడ్ ఎవరూ పెట్టరు.

కొత్త_శ్రోత_7:
అన్నా, ఇంతకీ నేను ఏది వినాలి? ఫోన్‌లో యాప్ తప్ప ఏమీ లేదు.

నల్లచొక్కా:
1999 విడుదల పెట్టు తమ్ముడూ. దాంట్లోంచి "బస్టెడ్", "జో బీన్", జాన్ హెన్రీ పాట వదిలేస్తే పాత ఎల్‌పీ వరసే వస్తుంది. షఫుల్ ఆపేయడం మర్చిపోకు.

టేపురీలు:
ఏదీ వదలొద్దు. ఒక సాయంత్రం తీరిక చేసుకుని 2008 సెట్ ఉదయం కచేరీ మొత్తం వినండి. "కొకైన్ బ్లూస్" దగ్గర జాగ్రత్తగా వినండి. పాటలో మామూలుగా సాన్ క్వెంటిన్ అని వచ్చే చోట క్యాష్ ఫోల్సమ్ అని మార్చి పాడతాడు. ఆ పేరుకి హాలు ఎలా లేస్తుందో చూడండి.

నల్లచొక్కా:
ఆ కేక అసలుదేనని మీకెవరు చెప్పారు?

రికార్డు_సూది:
360 సౌండ్ కాపీ ఎవరిదగ్గరైనా అమ్మకానికి ఉంటే మెసేజ్ పెట్టండి. లేబుల్ ఫొటో రెండు వైపులా.