హిజాబ్ వేసుకున్న తెల్లమ్మాయిని చుట్టూ ఉన్నవాళ్లు ఎలా చూస్తున్నారు? మీ చోట సంగతులు చెప్పండి

లెస్టర్_లలిత:
నాతో నైట్ డ్యూటీ చేసే నర్సు ఒకామె పుట్టిపెరిగింది ఇక్కడే, ఇంగ్లండులోని లెస్టర్‌లో. తాతముత్తాతలదీ ఇదే ఊరు. రెండేళ్ల కిందట ఇస్లాంలోకి మారింది. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఆర్నెల్ల కిందట హిజాబ్ వేసుకుని వచ్చిందో లేదో, కథ మారిపోయింది. రూల్స్‌తో పేచీ లేదు లెండి, పక్కన డెర్బీలో 2019లోనే ఆపరేషన్ థియేటర్‌కని వాడి పారేసే హిజాబ్‌లు పెట్టారు. పేచీ అంతా మనుషులతోనే. మొన్న బీపీ చూస్తుంటే ఒక పెద్దాయన "ఇంగ్లిష్ బాగా మాట్లాడుతున్నావే, ఏ దేశం మీది?" అన్నాడు. "ఈ ఆసుపత్రిలోనే పుట్టాను" అంటే నమ్మలేదు. పక్కనే నిలబడ్డ చీరాలదాన్ని, నన్ను మాత్రం ఏమీ అడగలేదు!

డల్లాస్_శీను:
మా టీమ్‌లో ఒకావిడ ఉంది, టెక్సాస్ మనిషే. థాంక్స్‌గివింగ్‌కి వాళ్లమ్మ వెతికి వెతికి హలాల్ టర్కీ తెచ్చిందట. అంతా బాగానే ఉంది. ఫొటో దగ్గరికొచ్చేసరికి "ఒక్క నిమిషం అది తీసెయ్యవే" అందట. ఈవిడ ఏమీ అనకుండా కెమెరా తీసుకుని తనే ఫొటో తీసింది. ఆ ఏడాది ఇంటి ఫొటోలో ఆవిడ లేదు.
ఉద్యోగాల్లో ఇక్కడ కొంత నయం. తలగుడ్డ ఉందని ఒకమ్మాయికి ఉద్యోగం ఇవ్వని అబర్‌క్రాంబీ బట్టల కంపెనీ కేసులో 2015లో సుప్రీంకోర్టు 8-1తో ఆ అమ్మాయి వైపే తీర్పిచ్చింది. ఇంటి ఫొటోకి ఏ కోర్టుంది?

పాత_చింతకాయ:
కోరి తెచ్చుకున్న తంటా. తీసేస్తే పోయేదానికి ఇంత చర్చా?

మాంట్రియల్_మూర్తి:
చింతకాయ గారూ, తియ్యకపోతే ఇక్కడ పోయేది ఉద్యోగం. కెనడాలోని మా క్యూబెక్ రాష్ట్రంలో 2019 నాటి 21వ చట్టం ప్రకారం సర్కారు బళ్లో కొత్తగా చేరే టీచరు మతచిహ్నం వేసుకోకూడదు. ఫ్రాన్స్‌లో 2004 చట్టం బడిపిల్లలకు పెట్టిన నిషేధం, ఇక్కడ పంతుళ్లకు వచ్చింది. మా వీధిలో ఫ్రెంచి కుటుంబపు పిల్ల ఒకతె మతం మారింది. టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి ఒటావా వైపు వెళ్లిపోయింది, అది వేరే రాష్ట్రం కాబట్టి.
ఇక్కడివాళ్లందరిదీ ద్వేషం అనను. మా పక్కింటి ముసలావిడ ఆ పిల్లని చిన్నప్పుడు ఎత్తుకుని తిరిగిన మనిషి. ఆవిడేమంటుందంటే, "మాకు పాఠాలు చెప్పిన చర్చి సిస్టర్లూ తల కప్పుకునేవాళ్లే. వాళ్ల పెత్తనం వదిలించుకోవడానికి అరవైల్లో మా తరం నానా పాట్లూ పడింది. ఇది మళ్లీ నెత్తికెక్కించుకుంది!" ఆవిడకి కనబడేది అరబ్బు దేశం కాదు, తన చిన్ననాటి కాన్వెంటు. ఆ పిల్లకి ఆ కాన్వెంటు సంగతే తెలియదు.

పాత_చింతకాయ:
సిస్టర్ల సంగతి నేనెరగను. అయినా ఊరితో పాటు పోతే సుఖం.

నంద్యాల_నూరి, బర్మింగ్‌హామ్:
లలితక్కా, బయట సంగతి అందరూ చెప్తాండారు, మసీదు లోపల సంగతి నేను చెప్తా. మేము దూదేకులోళ్లం, ఇంట్లో తెలుగే, ఉర్దూ అంతంతమాత్రం. ఆడోళ్ల హాల్లో అందరూ ఉర్దూలోనో పంజాబీలోనో మాట్లాడుకుంటాంటే ఒక మూల నేను, ఇంకో మూల ఒక ఇంగ్లిష్ ఆమె. అట్ల కలిసినాం. ఆమెను ఎవరు పలకరించినా మొదటి మాట "మీ ఆయనది పాకిస్తానా?" ఆమెకు పెళ్లే కాలేదు! సొంతంగా చదువుకుని మారిందంటే ఎవరికీ ఎక్కదు.
షహాదా, అంటే ఇస్లాంలో చేరేటప్పుడు చెప్పే మాట, చెప్పిన రోజు అందరూ కావలించుకున్నారంట. ఈద్ నాడు మాత్రం నమాజు కాంగానే ఎవరిళ్లకు వాళ్లు పోయినారు. ఆమె కారులో కూర్చుని సాండ్‌విచ్ తినింది. అమ్మానాన్నలకు అది పండగ కాదు, మసీదోళ్లకు ఆమె చుట్టం కాదు. రెండేండ్లుగా ఈద్‌కు మా ఇంటికే వస్తాది. సేమియా కన్నా మర్నాటి బొరుగుల ఉగ్గాని అంటేనే ఇష్టం ఆమెకు.

లెస్టర్_లలిత:
నూరీ, మా ఆమె కూడా పోయిన ఈద్‌కి డ్యూటీ అడిగి మరీ వేయించుకుంది. ఎందుకో ఇప్పుడు అర్థమైంది. బర్మింగ్‌హామ్ రైల్లో గంటేగా, ఈసారి పంపనా? కారం అస్సలు పడదు, ముందే చెప్తున్నా.

నంద్యాల_నూరి, బర్మింగ్‌హామ్:
పంపక్కా. నువ్వూ రా. మిరపకాయలు ఏరేసి పెడతాలే.