డీహైడ్రేటర్‌లో వేడి పెంచి తొందరగా ముగిస్తే తప్పేంటి?

కొత్తట్రే:
పండ్లూ కూరగాయలూ ఆరబెట్టే ఈ డీహైడ్రేటర్ మిషన్ కొని రెండు నెలలైంది. టమాటా, యాపిల్ ఏది పెట్టినా 57 డిగ్రీల దగ్గర ఉంచి పది పన్నెండు గంటలు ఆగమంటారు అందరూ. నేను 74 దగ్గర పెట్టి ఆరు గంటల్లో తీసేస్తున్నా. చేత్తో కదిపితే గలగలమంటున్నాయి, కరెంటూ మిగులుతోంది, పైగా వేడి ఎక్కువైతే క్రిములు చస్తాయి కదా. ఇందులో తప్పేంటో కారణంతో సహా చెప్పండి. ఊరికే "అలా చేయకూడదు" అంటే ఒప్పుకోను.

పాతసీసాలు:
కారణమే చెబుతా. ముక్క లోపలి తడి ముందు పైకి రావాలి, ఆ తర్వాత గాలిలో కలవాలి. పైకి రావడం నెమ్మదిగా జరిగే పని. మీరు వేడి పెంచితే పైన ఉన్న తడి గబగబా ఆవిరైపోతుంది, లోపలిది అంత వేగంగా రాలేదు, దాంతో పైపొర ముందే ఎండి పెంకులా బిగుసుకుపోయి లోపలి తడి అక్కడే చిక్కుకుపోతుంది. నేనూ ఇలాగే తొందరపడ్డా. యాపిల్ కాస్త మందంగా కోసి, వేడి పెంచి, రాత్రికే సీసాలో పోసి మూత బిగించా. మూడో రోజు సీసా మెడ దగ్గర లోపలివైపు సన్నగా ఆవిరి పట్టింది, పట్టించుకోలేదు. రెండో వారానికి అడుగు ముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోయి, వాటి మధ్య బూడిదరంగు నూగులాంటి బూజు. సీసా మొత్తం పారబోశా.

తూకంరాయి:
పెంకు సంగతి నిజమే కానీ, తప్పంతా వేడి మీదే వేయడం నాకు నచ్చలేదండీ. చుట్టూ గాలి 70 డిగ్రీలున్నా, నీళ్లు బాగా ఆవిరవుతున్నంతసేపూ ముక్క చల్లగానే ఉంటుంది, చెమట పట్టిన ఒంటికి గాలి తగిలినట్టు. అందుకే నేను మొదటి గంట 65 నుంచి 70 మధ్య ఉంచి, ఆ తర్వాత 57కి దించేస్తా, ఇంతవరకు ఇబ్బంది రాలేదు. ముక్కలన్నీ అర సెంటీమీటరు మించకుండా ఒకే మందంలో కోయడం అంతకన్నా ముఖ్యం. ఆకులకు మాత్రం ఈ పద్ధతి వద్దు, 35 డిగ్రీలు చాలు, లేకపోతే వాసన పోతుంది.

కరెంటు గురించి కూడా ఒక మాట. లీటరు నీళ్లు ఆవిరి కావడానికే దాదాపు 0.65 యూనిట్ పడుతుంది, వేడి పెంచినా అది పెద్దగా తగ్గదు. గంటలు సగమైతే బిల్లు సగమవదు, ఎందుకంటే వేడి పెంచినప్పుడు మిషన్ గంటకు లాగే కరెంటు కూడా పెరుగుతుంది.

పాతసీసాలు:
మొదటి గంట వరకైతే ఒప్పుకుంటా. కానీ మీరు చెప్పిన ఆ చల్లదనం వల్లే క్రిముల వాదన నిలబడదు. ముక్క వేడెక్కేసరికి అందులోని బ్యాక్టీరియా కూడా ఎండిపోయి ఉంటుంది, ఎండిన బ్యాక్టీరియా వేడిని ఇంకా బాగా తట్టుకుంటుంది. మాంసం ఆరబెట్టేవాళ్లు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి, ట్రేలో పెట్టకముందే లోపలిదాకా 71 డిగ్రీలు, కోడిమాంసమైతే 74 వచ్చేలా ఉడికించాలి.

కొత్తట్రే:
సరే, తడి కొంచెం మిగిలిందే అనుకుందాం, గాలి తీసేసి ప్యాక్ చేస్తే బూజు రాదుగా?

పాతసీసాలు:
బూజు రాకపోవచ్చు, కానీ దానికన్నా ప్రమాదం. బొటులిజం, అంటే ప్రాణం తీయగల ఆహార విషం, తెచ్చే బ్యాక్టీరియాకు గాలి లేని చోటు, పులుపు లేని తడి పదార్థమే కావాలి. సరిగ్గా ఆరని కూరగాయల్ని అలా ప్యాక్ చేయడం అంటే దానికి చోటు సిద్ధం చేసినట్టే. దయచేసి ఆ పని చేయకండి.

తూకంరాయి:
గలగల శబ్దాన్ని నమ్మకండి, తూకం వేయండి. టమాటాలో దాదాపు 95 శాతం నీళ్లే. కిలో ముక్కలు పెడితే చివరికి 60 గ్రాములు అటూ ఇటూ రావాలి. యాపిల్ కిలోకి 190 గ్రాముల దగ్గర ఆగొచ్చు, పండ్లలో 20 శాతం తడి ఉన్నా నిలవుంటాయి, కూరగాయలైతే పెళుసుగా విరగాలి. తర్వాత చల్లారనిచ్చి, సీసాలో మూడింట రెండు వంతులే నింపి, వారం నుంచి పది రోజులు రోజుకోసారి కుదిపి చూడండి. లోపల ఎక్కడైనా ఆవిరి కనిపిస్తే మళ్లీ ట్రేలోకే.

కొత్తట్రే:
ఇప్పుడే తూచా. నిన్న కిలో టమాటా ముక్కలు పెట్టా, 96 గ్రాములున్నాయి. ఒకటి కత్తితో కోసి చూస్తే అంచు విరిగింది గానీ మధ్యలో గింజల దగ్గర వేలికి జిగురుగా అంటుకుంది. క్రిముల విషయంలో, ప్యాకింగ్ విషయంలో నాదే పొరపాటు. మొదటి గంట వేడి మాత్రం వదలను, అది నాకు సబబుగానే తోచింది. ముక్కలన్నీ సగానికి కోసి 57 దగ్గర మళ్లీ పెట్టా. పోయిన వారం సీసాలు మూడున్నాయి, రాత్రికి అవీ తెరుస్తా.