పెళ్లి వద్దన్న ఆడపాత్రని చివరికి ‘బాగుచేయని’ తెలుగు సీరియల్ ఏదైనా ఉందా?

తార్నాకలో స్నేహితురాళ్లం కొందరం టీవీ పాత్రల మీద స్త్రీవాద చర్చ పెట్టుకుంటున్నాం. ఈసారి విషయం అలైంగికత. ఎవరిమీదా లైంగిక ఆకర్షణ కలగకపోవడం అది. జబ్బు కాదు, వ్రతమూ కాదు. 2012లో అమెరికన్ సీరియల్ ‘హౌస్’ ఒక ఎపిసోడ్‌లో అలాంటి భర్తకి కణితి ఉందనీ, తనూ అలాంటిదాన్నేనన్న భార్య అబద్ధమాడుతోందనీ తేల్చేసింది. చాలా బాధేసింది. అమెరికన్ యానిమేషన్ సీరియల్ ‘బోజాక్ హార్స్‌మన్’లో టాడ్ అనే అలైంగిక పాత్ర మాత్రం తనెవరో తనే చెప్పుకుంటాడు, ఎవరూ వైద్యం చేయరు. అయితే అతను మగవాడు.

మన సీరియళ్లలో కోడలు శోభనం గది ముందు ఆగిందంటే పాత ప్రేమో, భయమో, శపథమో ఉండి తీరాలి. ఆ కోరికే లేని ఆడపాత్ర, చివరిదాకా అలాగే గౌరవంగా నిలిచింది, తెలుగులో మీరు ఎక్కడైనా చూశారా? సినిమా, వెబ్ సిరీస్ అయినా సరే. పేరు, ఏ సన్నివేశమో చెప్పండి. తెలుగు వ్యాసాలుంటే అవి కూడా కావాలండీ.