సమస్యాపూరణం: మూడు తాళ్లు లాగ ముడి కదలదు

నిర్వాహకులు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందరి మూడు పాదాలూ మీరు పూరించాలి.

మూడు తాళ్లు లాగ ముడి కదలదు

మూడు వైపులా లాగుతుంటే ముడి కదలకపోవడమే ఇక్కడి చిక్కు. పూరణలో ఆ విరోధం తీరాలి, బలాల లెక్కా నిలవాలి. పోల్చి చూడటానికి అందరికీ ఒకే లెక్క ఇస్తున్నాం. ముడి (0, 0, 0) దగ్గర ఉంది. కొలతలు మీటర్లలో, తూర్పు, ఉత్తరం, పైకి అన్న వరసలో. పైకప్పు కొక్కేలు మూడు: క (2, 1, 2), చ (−1, 2, 2), ట (−1, −2, 2). వేలాడే బరువు 240 న్యూటన్లు, అంటే సుమారు 24.5 కిలోలు. తాళ్ల సొంత బరువు వదిలేయండి.

బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదట యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి, మరవకండి.

లంబరేఖ:
పక్క లాగులన్ని పరిహృతమై పోవ
పైకి లాగు కూడి బరువు మోయ
సున్న మిగులు గాదె సూక్ష్మముగాఁ జూడ
మూడు తాళ్లు లాగ ముడి కదలదు

కొలబద్ద:
బాగుందండీ. "పరిహృత"లో "హృ" సంయుక్తాక్షరం కాదు, అందుకే ముందున్న "రి" లఘువుగానే నిలిచి నలం (నాలుగు లఘువుల ఇంద్రగణం) సరిపోయింది. ఒక్క మాట. "పక్క లాగులు" అని ఒక్క పాదంలో చెప్పినా అక్కడ రెండు సమీకరణాలున్నాయి. తూర్పు పడమరలు విడిగా, ఉత్తర దక్షిణాలు విడిగా సున్న కావాలి. ఒకటి సున్న అయి రెండోది కాకపోతే ముడి ఆ రెండో వైపు జరుగుతుంది.

గుణకం:
లెక్క నేను వేస్తాను. మొదట ముడిని ఒక్కదాన్నే విడదీసి, దాని మీద పనిచేసే బలాలన్నీ గీయాలి: మూడు తాళ్లు, ఒక బరువు. ప్రతి తాటి సదిశనూ (దిశతో కూడిన కొలతనూ) ముడి నుంచి కొక్కెం వైపే రాయాలి. తాడు ముడిని తనవైపు లాగుతుంది కాబట్టి. ఒక్క తాటికి దిశ తిరగబడినా గుర్తులు తారుమారై, నిజానికి బిగిసి ఉన్న తాటికి రుణ విలువ వస్తుంది.

మూడు తాళ్ల పొడవూ 3 మీటర్లే: √(4+1+4), √(1+4+4), మళ్లీ √(1+4+4). ఏకాంక సదిశలు (పొడవు 1 ఉండే సదిశలు) రాసి భిన్నాలతో కుస్తీ పట్టే బదులు, మీటరు పొడవుకు వచ్చే బిగువును ఆ తాటి పేరుతోనే పిలుద్దాం.

తూర్పు: 2క − చ − ట = 0
ఉత్తరం: క + 2చ − 2ట = 0
పైకి: 2క + 2చ + 2ట = 240

మొదటి రెండింటి నుంచి క : చ : ట = 4 : 3 : 5. మూడో దాంట్లో పెడితే 40, 30, 50. పొడవు 3తో గుణిస్తే అసలు బిగువులు 120, 90, 150 న్యూటన్లు. చివరి గుణకారం మరిచి 40, 30, 50నే జవాబుగా రాయడం తరచూ జరిగే తప్పు.

నాల్గు మూడు నైదు నయమైన వంతులై
బరువు పంచుకొనగఁ బై కొసలును
అడ్డు లాగులన్ని యడఁగిపోవుటఁ జేసి
మూడు తాళ్లు లాగ ముడి కదలదు

త్రికోణి:
గుణకం గారూ, మీ 4 : 3 : 5 సమీకరణాలు లేకుండానే కనబడుతుంది. పైనుంచి చూస్తే కొక్కేలు ఒక త్రిభుజం, ముడి దాని లోపల ఒక చుక్క. ముడిని మూడు శీర్షాలకూ కలిపితే మూడు చిన్న త్రిభుజాలు. క కొక్కేనికి ఎదురుగా ఉన్న త్రిభుజ వైశాల్యం 2, చకు ఎదురుగా 1.5, టకు 2.5. అదే 4 : 3 : 5! కొక్కేలన్నీ ఒకే ఎత్తులో ఉంటే నిలువు బరువు ఇలాగే పంచుకుంటుంది. బిగువులు కూడా అదే నిష్పత్తిలో రావడానికి మాత్రం తాళ్లు సమాన పొడవు కావడం కారణం. పొడవులు వేరైతే పద్యంలోని "వంతులు" నిలువు వాటాలకే వర్తిస్తాయి.

ఈ బొమ్మలోంచే ఇంకోటి తెలుస్తుంది. ట కొక్కేన్ని (1, −2, 2)కి జరిపితే ముడి సరిగ్గా చ–ట గీత మీద పడుతుంది, క తాటి బిగువు సున్న. ఇంకా జరిపి (2, −2, 2)కి తెస్తే లెక్కలో క రుణమవుతుంది. తాడు నెట్టలేదు. అంటే క వదులైపోయి, ముడి అక్కడ నిలవకుండా వేరే చోటికి జరుగుతుందన్నమాట. రుణ గుర్తు కనబడితే తుడిచేయకూడదు, ఆ అమరిక సాధ్యం కాదని అది చెబుతోంది.

నిలువుటద్దం:
తాళ్ల బిగువులన్ని దగఁ గూడి చూచిన
బరువు విలువె వచ్చు భంగపడక
ఇంతె లెక్క యనుచు నెంచిన చాలును
మూడు తాళ్లు లాగ ముడి కదలదు

కొలబద్ద:
ఛందస్సుకు వంక లేదు. మూడో పాదంలో "ఇ"కి "నెంచిన"లోని "ఎ"తో యతి చెల్లింది, ఎందుకంటే ఆ నకారం ద్రుతం, అంటే ముందు పదం చివర చేరిన నకారం. భావం మాత్రం నిలవదండీ. 120 + 90 + 150 కలిపితే 360, బరువు 240. దిశలు వేరైన బలాల పరిమాణాలను నేరుగా కలపకూడదు. నిలువు అంశలనే కలపాలి: 80 + 60 + 100 = 240. తాళ్లు మూడూ నిట్టనిలువుగా ఉంటే తప్ప మీ రెండో పాదం నిజం కాదు.

నిలువుటద్దం:
ఒప్పుకుంటున్నానండీ. సవరించాను.

తాళ్ల బిగువు గాదు దాని నిలువు పాలె
బరువు మోయు, నడ్డపాలు చెల్లు
ఇంతఁ దెలిసి లెక్క నెంచిన వారికి
మూడు తాళ్లు లాగ ముడి కదలదు

కొలబద్ద:
"నిలువు పాలు, అడ్డపాలు" అన్న జంట పాఠ్యపుస్తకపు "అంశ" కన్నా నాకు నచ్చింది.

నారతాడు:
ఎత్తు తగ్గి తాళ్లు నేలకు సరియైన
బిగువు హెచ్చి తుదకు బిగిసి తెగును
తగిన మందమున్న తాళ్లనే యెంచిన
మూడు తాళ్లు లాగ ముడి కదలదు

కొలబద్ద:
మొదటి పాదంలో యతిభంగం. "నేల"లో నకారం ఆ పదం సొంతం, ద్రుతం కాదు, "ఎ"తో చెల్లదు. ఇలా మార్చి చూడండి: "ఎత్తు తగ్గఁ దాళ్ల కెక్కును బిగువెంతొ". తాళ్లకు + ఎక్కును కాబట్టి అచ్చుకు అచ్చు కుదురుతుంది.

గుణకం:
నారతాడు గారి భావానికి అంకెలు జోడిస్తాను. కొక్కేలు అక్కడే ఉంచి, ముడిని పైకప్పుకు 0.2 మీటర్ల దిగువకు బిగించి కడదాం. పక్క సమీకరణాలు మారవు, నిష్పత్తి అదే 4 : 3 : 5. పై సమీకరణం మాత్రం 0.2 × (క + చ + ట) = 240 అవుతుంది. మీటరుకు బిగువు 400, 300, 500. తాటి పొడవు √5.04, అంటే 2.245. బిగువులు సుమారు 898, 673, 1122 న్యూటన్లు. అదే బరువుకు ట తాడు 150 నుంచి 1122కి వెళ్లింది! తాడు పూర్తిగా అడ్డంగా ఉండేలా బరువు వేలాడదీయడం ఎంత బిగించినా కుదరదు, నిలువు పాలు సున్న కనుక. ఇంకా ముఖ్యమైనది, ఇంత బిగువుకు తాడు సాగుతుంది, సాగితే ముడి దిగుతుంది, దిగితే కోణం మారుతుంది. కాబట్టి కట్టిన తర్వాత కొలిచిన ఎత్తుతోనే లెక్క వేయాలి.

లంబరేఖ:
మరి భద్రత కోసం నాలుగో తాడు కడితే?

త్రికోణి:
అప్పుడు తెలియనివి నాలుగు, సమీకరణాలు మూడే. సమతాస్థితి ఒక్కటే బిగువులు చెప్పలేదు. ఏ తాడు ఎంత సాగుతుందో కూడా తెలియాలి. అయితే మూడింటితోనే సరిపెట్టుకోవడంలోని ప్రమాదం ప్యూర్టో రికోలో కనబడింది. అరెసిబో రేడియో దూరదర్శినిలో సుమారు 900 టన్నుల వేదికను మూడు స్తంభాల నుంచి తీగల కట్టలతో వేలాడదీశారు. 2020 ఆగస్టులో ఒక స్తంభం వైపు సహాయక తీగ ఊడింది, నవంబరులో అదే స్తంభం వైపు ప్రధాన తీగ తెగింది, డిసెంబరు 1న మిగతావీ తెగి వేదిక కూలింది. ఒక్కో దిక్కుకు తీగలు ఎన్నున్నా దిక్కులు మూడే. ఒక దిక్కు పోతే మిగిలిన రెండూ ముడిని అదే చోట పట్టి ఉంచలేవు.

ఇదిగో నా పూరణ:

కంటి కగపడెడివి గణనకు మూడైన
నాల్గవదిగఁ బుడమి నడిమి నుండి
క్రిందికీడ్చుచుండుఁ, గ్రిమ్మరనీయదు
మూడు తాళ్లు లాగ ముడి కదలదు

నిర్వాహకులు:
ఈ వారం త్రికోణి గారి పూరణకే మా ఓటు. సమస్య "మూడు" అంటే నాలుగోదాన్ని వెతికి చూపారు. ముడిని విడదీసి బొమ్మ గీసేటప్పుడు చాలామంది వదిలేసే బలం కూడా ఆ నాలుగోదే.

వచ్చే వారానికి ఇదే లెక్కను తలకిందులు చేద్దాం. బోరు మోటారు పైకి తీసే ముక్కాలి స్టాండు, పై కొసకు చైన్ పుల్లీ. కొస నేలకు 2 మీటర్ల ఎత్తున, కాళ్లు ఇవే కొలతలతో. సమస్య:

కాలు జారె నేల గట్టిదైన

నారతాడు:
నున్ననైన గచ్చు నోపదు రాపిడి
మూడు కాళ్ల నడుమ ముడియ లేక
బరువు నెత్తి నిడఁగఁ బక్కకు నెట్టంగ
కాలు జారె నేల గట్టిదైన

కొలబద్ద:
యతులు నాలుగూ కుదిరాయి. అదే 240 న్యూటన్ల బరువుకు అంకెలు చూస్తే, ట కాలి అడుగున నిలువు బలం 100, పక్కకు నెట్టే బలం 50√5, అంటే 111.8 న్యూటన్లు. జారకుండా ఉండాలంటే ఘర్షణ గుణకం (నిలువు బలంలో రాపిడి ఆపగల వంతు) 1.118 కావాలి, నున్నటి గచ్చు అంత ఇవ్వదు. బరువు పెంచినా తగ్గించినా ఈ నిష్పత్తి మారదు. ఘర్షణ గుణకం 0.4 అనుకుంటే, 2 మీటర్ల ఎత్తుకు కాళ్లు నడిమి నుంచి 0.8 మీటర్లకు మించి చాపకూడదు. అంతకన్నా చాపాలంటే మీ రెండో పాదం చెప్పినట్టు అడుగుల దగ్గర మూడు కాళ్లనూ చుట్టూ తాటితో బిగించాలి.